అటు సీఏ కాదు, ఇటు బీటెక్ కాదు... నేనెక్కడికి వెళ్లాలి?

తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఊరి నుంచి ఇరవై ఏళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దంది. బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ ఆఖరి ఏడాది చదువుతోంది. చివరి సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్. ఎక్కడ చేస్తుందో మూడు వారాల్లో కాలేజీకి చెప్పాలి.

6,000 రూపాయలు కడితే ఒక సంస్థ ఆన్‌లైన్ 'డేటా సైన్స్ ఇంటర్న్‌షిప్' సర్టిఫికెట్ ఇస్తుందట. ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, రిపోర్టు కూడా వాళ్లే రాసి పంపుతారు. క్లాసులో సగం మంది కట్టేశారు. గైడ్‌గా ఉన్న సార్ "అందరూ చేసేదే కదమ్మా, నీ ఒక్కదానికే ఎందుకు టెన్షన్" అన్నారట. ఇంకోవైపు మావయ్యకు తెలిసిన రైస్ మిల్లు ఆఫీసులో చేరమంటున్నారు. జీతం లేదు, బస్సు ఖర్చులకు నెలకు 3,000 ఇస్తారు. నాన్న ఆలోచన వేరు. ఆ సర్టిఫికెట్ ఏదో కొనేసి, ఆ నెలలు హైదరాబాద్ అమీర్‌పేటలో శాప్ (పెద్ద కంపెనీల్లో వాడే సాఫ్ట్‌వేర్) ఫైనాన్స్ కోర్సు చేయమంటున్నారు. ఫీజు 45,000. హాస్టల్, ఖర్చులు కలిపితే లక్షా పది వేలు. ఉద్యోగం గ్యారంటీ అని, అవసరమైతే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా ఇప్పిస్తామని ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫోన్‌లో చెప్పారు. అదీ కుదరకపోతే డిగ్రీ అయ్యాక బ్రిటన్ పంపిద్దామని బాబాయి అంటున్నారు. వాళ్లబ్బాయి అక్కడ బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో ఎమ్మెస్సీ చేశాడు. ప్రస్తుతం ఒక గోదాములో పని చేస్తున్నాడు.

"మా అక్క బీటెక్. చుట్టాలు అక్కని ప్యాకేజీ ఎంత అని అడుగుతారు. నన్ను ఏం చదువుతున్నావని అడిగి, చెప్పాక 'ఓహో, బీకామా' అని ఊరుకుంటారు. మాకు అకౌంట్స్ ఉంది, ట్యాక్స్ ఉంది, డేటాబేస్ ఉంది, సి లాంగ్వేజ్ ఉంది. దేంట్లోనూ లోతు లేదు. నేను రెంటికీ చెడ్డ రేవడినేనా? డిగ్రీ చదివి రైస్ మిల్లులో కూర్చుంటే నవ్వరా? నాన్న అమ్మ గాజులు తాకట్టు పెడతానంటున్నారు. అమ్మ సరే అంది. కానీ ఆ రాత్రి గాజులు తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నేను చూశాను. ఏం చేయమంటారు?" అని ముగించింది.

*

అమ్మా, నా కూతురి కంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయాలన్నది నువ్వు పైకి అడిగిన ప్రశ్న. ఈ చదువుకు విలువ ఉందా అన్నది లోపల ఉన్న ప్రశ్న. రెండోది తేలకుండా మొదటిదానికి ఎవరు ఏం చెప్పినా నీకు ఎక్కదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను పాతికేళ్లకు పైగా ఫ్యాక్టరీల్లో అకౌంట్ల, స్టోర్ల సాఫ్ట్‌వేర్ పెట్టించే పని చేశాను. చేరిన కొత్తలో నన్ను ఒక కోళ్ల దాణా ఫ్యాక్టరీకి పంపారు. అక్కడ కొత్తగా కంప్యూటర్ లెక్కలు మొదలయ్యాయి. నాలుగో నెలలో గోదాములో మొక్కజొన్న తూకం వేస్తే కంప్యూటర్ చూపిస్తున్న దానికంటే దాదాపు మూడు టన్నులు తక్కువ వచ్చింది. యజమాని అనుమానం స్టోర్‌కీపర్ మీదకు పోయింది. ఆయన పదిహేనేళ్లుగా అక్కడే పని చేస్తున్న మనిషి. ప్రోగ్రాం రాసినాయన ప్రోగ్రాంలో తప్పు లేదన్నాడు. నిజంగానే లేదు. అకౌంటెంట్ తన ఖాతాలన్నీ సరిపోయాయన్నాడు. అవీ సరిపోయాయి.

నాకు ఏం చేయాలో తెలియక రెండు రోజులు కాటా దగ్గర కూర్చున్నాను. లారీ ఎక్కుతుంది, బరువు చూస్తారు, చీటీ ఇస్తారు. కాటా దగ్గరి కుర్రాడు ప్రతి చీటీ వెనకా పెన్సిల్‌తో ఒక అంకె వేస్తున్నాడు. ఏంటని అడిగితే తేమ అన్నాడు. మొక్కజొన్నలో తేమ ఎంత ఉందో చూసి ఆ మేరకు తరుగు తీసి రైతుకు డబ్బు ఇస్తారు. డబ్బు దగ్గర ఆ తరుగు తీస్తున్నారు. స్టాకులోకి మాత్రం కాటా బరువు మొత్తం ఎక్కుతోంది. గింజ గోదాములో ఆరి బరువు తగ్గుతుంది, కంప్యూటర్‌లో తగ్గదు. ఎందుకంటే ఆ పెన్సిల్ అంకె వేయడానికి స్క్రీన్ మీద గడి లేదు. స్టోర్‌కీపర్‌గారికి విషయం చెప్పినప్పుడు ఆయన ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి నాకు ఒక గ్లాసు టీ తెచ్చి ఇచ్చారు, అంతే.

ప్రోగ్రాం తెలిసిన మనిషికి మొక్కజొన్న ఆరుతుందని తెలియదు. మొక్కజొన్న తెలిసిన మనిషికి స్క్రీన్ మీద గడి అడగొచ్చని తెలియదు. వాళ్లిద్దరి మధ్య కూర్చునే మనిషి కావాలి. నువ్వు దేంట్లోనూ లోతు లేదని బాధపడుతున్న సిలబస్ ఉందే, అకౌంట్స్, ట్యాక్స్, డేటాబేస్ పక్కపక్కన పెట్టిన సిలబస్, అది ఆ మధ్య కుర్చీ కోసం పెట్టింది. బయటి దేశాల్లో దీన్నే బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అంటారు. మన దగ్గర బీకాం కంప్యూటర్స్ అంటారు. పేరులో దర్జా తేడా ఉంది, సరుకు చాలావరకు ఒకటే. అయితే లోతు లేదన్న నీ మాట కూడా నిజమే. ఆ లోతు క్లాసులో రాదు. ఏదో ఒక వ్యాపారం లోపల కొన్ని నెలలు కూర్చుంటే వస్తుంది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో 2020-21 నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది అందుకే. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, ఆపైన ఒక పూర్తి సెమిస్టర్. మొదటి నాలుగు నెలలు ఎలా గడిచాయో నువ్వు రాయలేదు. రాయకపోవడాన్ని బట్టి ఊహించగలను. మిగిలింది ఈ సెమిస్టరే.

ఇక ఆ 6,000 సర్టిఫికెట్. అది కొంటే ఏమవుతుందో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. డిగ్రీ వస్తుంది, మార్కులూ వస్తాయి. వైవాలో గట్టిగా అడిగేవాళ్లు రాకపోతే ఎవరికీ తెలియకపోవచ్చు. ఇబ్బంది ఏడాది తర్వాత వస్తుంది. రెజ్యూమేలో 'డేటా సైన్స్ ఇంటర్న్' అని ఉంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాని మీదే ప్రశ్న వేస్తారు. ఏ డేటా, ఎన్ని వరుసలు, అందులో తప్పులు ఎలా పట్టుకున్నావు అని. నేను ఇంటర్వ్యూలు చేసిన రోజుల్లో ఆ ప్రశ్న దగ్గర పిల్లల ముఖం పాలిపోవడం ఎన్నోసార్లు చూశాను. తెలివైన పిల్లలే. చేయని పని గురించి ఏం చెబుతారు? మీ సార్ మీద నాకు కోపం లేదు, వాళ్ల మీద ఎన్ని ఒత్తిళ్లు ఉన్నాయో. కానీ ఆ మాట మాత్రం నీకు మేలు చేసేది కాదు.

నాన్నగారు చెప్పిన దారిలో మూడు విషయాలు కలిసిపోయాయి. వాటిని విడదీసి చూడు. శాప్ నేర్చుకోవడం ఒకటి, ఉద్యోగం గ్యారంటీ అన్న మాట ఒకటి, దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఒకటి.

శాప్ మంచిదే. 1972లో జర్మనీలో పుట్టిన కంపెనీ. పెద్ద సంస్థల్లో కొనుగోళ్లు, స్టాకు, అమ్మకాలు, ఖాతాలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్ వాళ్లది. పాత వెర్షన్‌కు మామూలు మెయింటెనెన్స్ 2027 చివరి వరకే అని వాళ్లు ప్రకటించారు. అందుకే చాలా కంపెనీలు ఎస్/4 హనా అనే కొత్తదానికి మారుతున్నాయి. కాబట్టి డిమాండ్ ఉందని ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే ఆ డిమాండ్ ఎక్కువగా అనుభవం ఉన్నవాళ్లకు. ఒక కంపెనీలో కొనుగోలు ఎలా నడుస్తుందో ఎప్పుడూ చూడని మనిషికి కొనుగోలు స్క్రీన్లు నేర్పితే, ఏ బటన్ తర్వాత ఏ బటనో గుర్తుంటుంది. ఎందుకో తెలియదు. ముందు ఏదో ఒక వ్యాపారం చూసి, తర్వాత శాప్ నేర్చుకున్నవాళ్లు త్వరగా పట్టుకుంటారు. ఇది నేను పక్కన కూర్చుని నేర్పినప్పుడు గమనించిన విషయం. పైగా శాప్ కంపెనీ తన లెర్నింగ్ సైట్‌లో చాలా పాఠాలు ఉచితంగానే పెట్టింది. 45,000 కట్టే ముందు ఒక నెల అవి చూస్తే, నీకు నచ్చుతుందో లేదో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది.

ఉద్యోగం గ్యారంటీ అన్నవాళ్లను ఒక్కటే అడగమను నాన్నగారిని. ఉద్యోగం రాకపోతే ఫీజు వెనక్కిస్తామని కాగితం మీద రాసిస్తారా? కిందటి బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చిన ముగ్గురితో మాట్లాడిస్తారా? ఇక ఆ లెటర్ జోలికి మాత్రం పోవద్దు తల్లీ. మిగతా అన్ని విషయాల్లో నీ ఇష్టం అంటాను, ఇందులో అనను. పెద్ద కంపెనీలు చేరాక కూడా పాత ఉద్యోగం నిజమేనా అని ఆరా తీస్తాయి. రెండేళ్లు పని చేస్తే పీఎఫ్ ఖాతాలో ఆ నెలలు కనపడాలి, జీతం బ్యాంకులో పడి ఉండాలి. అవి లేకపోతే దొరికిపోతావు. దొరికిన రోజున ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, ఆ మచ్చ తర్వాతి చోటికి కూడా వెంట వస్తుంది. లెటర్ అమ్మినవాడు అప్పుడు ఫోన్ ఎత్తడు.

రైస్ మిల్లు మాటకొస్తే, నవ్వరా అని అడిగావు. కొంతమంది నవ్వుతారు. ఓహో బీకామా అన్నవాళ్లే నవ్వుతారు. ఆ మిల్లు లోపల ఏముందో మాత్రం ఒకసారి నాతో పాటు చూడు.

ధాన్యం లారీ గేటు దగ్గరకు వస్తుంది. కాటా చీటీ, తేమ మీటరు, దించిన బస్తాల లెక్క. ప్రభుత్వ ధాన్యం ఆడించే మిల్లయితే క్వింటా ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం తిరిగి అప్పజెప్పాలి. నూక, తవుడు, ఊక వేరే వేరే కొనుగోలుదారులకు పోతాయి. గోనె సంచుల లెక్క ఒక పెద్ద తలనొప్పి, ఎవరివి ఎన్ని వచ్చాయి, ఎన్ని చిరిగాయి, ఎన్ని తిరిగి వెళ్లాయి అని. బియ్యం లారీ బయల్దేరాలంటే బిల్లు కావాలి, అవసరమైన సరుకుకు ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్టీ పత్రం కావాలి. నెల తిరిగేసరికి జీఎస్టీ రిటర్నులు. నువ్వు పుస్తకంలో చదివిన ప్రతి అధ్యాయం ఆ ఆవరణలో ఎక్కడో ఒకచోట కనపడుతుంది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఇంట్లో 26 కిలోల బియ్యం బస్తా చూసే ఉంటావు. అంతకుముందు 25 కిలోలదే కదా వచ్చేది. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ పడింది. దాటితే లేదు. అలా 26 కిలోల బస్తా పుట్టింది. మీ అమ్మకు అది ఒక కిలో తేడా. మిల్లు కంప్యూటర్‌లో అది కొత్త ఐటెం, వేరే పన్ను, వేరే సంచి, వేరే ధర. పాత ఐటెంలోనే కొత్త బస్తా బిల్లు చేస్తే పన్ను తప్పు, స్టాకూ తప్పు. ఆ రూల్ వచ్చిన వారం ప్రతి మిల్లులో ఎవరో ఒకరు కూర్చుని ఇదంతా సరిచేశారు. ఆ మనిషి చేసింది నీ సబ్జెక్టే.

అలాగని మిల్లు అంటే గ్యారంటీగా మంచిదని కూడా నేను అనను. నిన్ను ఒక మూల కూర్చోబెట్టి నాలుగు నెలలు బిల్లులు కొట్టించొచ్చు. మావయ్య తాలూకు అమ్మాయి కదా అని ఏ పనీ చెప్పకుండా మర్యాదగా టీ ఇచ్చి పంపొచ్చు. ఇది ఇంకా నష్టం. దాళ్వా ధాన్యం వచ్చే రోజుల్లో ఆఫీసు రాత్రి దాకా నడుస్తుంది. ఇంటికి ఎలా వస్తావు, ఆఫీసులో ఇంకో ఆడమనిషి ఉందా, బాత్రూం ఉందా, ఇవి ముందే అడుగు. మొహమాటపడకు. కాలేజీ కోసం మిల్లు లెటర్‌హెడ్ మీద నీ పని ఏంటో, ఎవరి కింద చేస్తావో, ఏ వేళకు ఇంటికి పంపుతారో రాసిమ్మని మావయ్య చేత అడిగించు. అది కుదరదంటే మీ ఊళ్లో ఆడిటర్‌గారి ఆఫీసు ఉంటుంది, ఎరువుల డీలర్ ఉంటాడు, మందుల హోల్‌సేల్ షాపు ఉంటుంది. అక్కడా ఇదే వ్యవహారం నడుస్తుంది. ఆడిటర్ ఆఫీసులో అయితే పది వ్యాపారాల లెక్కలు చూస్తావు, కానీ ఒక్కదాని లోపలికీ వెళ్లవు. హోల్‌సేల్ మందుల్లో బ్యాచ్ నంబర్లు, గడువు తేదీలు ఉంటాయి కాబట్టి స్టాకు పని బాగా వస్తుంది.

ఎక్కడ చేరినా మొదటి రెండు వారాలు కంప్యూటర్ ముందు కూర్చోవద్దు. ఒక్క లారీని పట్టుకుని గేటు నుంచి రైతు బ్యాంకు ఖాతాలో డబ్బు పడేదాకా దాని వెంట తిరుగు. ఏ కాగితం ఎవరు రాశారు, దాన్ని ఎవరు మళ్లీ ఎక్కించారు, ఎక్కడ నోటి మాటతో నడిచింది, అన్నీ ఒక పెద్ద చార్టు మీద బొమ్మగా వేయి. తర్వాత ఎక్కడో ఒకచోట లెక్క తప్పేది దొరుకుతుంది. నా అంచనా గోనె సంచుల దగ్గర. ఆ ఒక్కదానికి ఎక్సెల్‌లో ఒక షీటు చేసి రెండు నెలలు నడిపించు. పివట్ టేబుల్, ఎక్స్‌లుకప్ లాంటి ఎక్సెల్ పనిముట్లు అప్పుడు అవసరం కొద్దీ వచ్చేస్తాయి. రాత్రిళ్లు ఇంటి దగ్గర ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష చూసుకో. ఏ ఊరి ధాన్యంలో తేమ ఎక్కువ వస్తోంది అన్న ప్రశ్నకు నీ సొంత డేటా మీద క్వెరీ రాసిన రోజున డేటాబేస్ పేపర్ నీకు అర్థమైనట్టే. రైతుల పేర్లు, ఖాతా నంబర్లు మాత్రం ఇంటికి తేవద్దు. యజమానిని అడిగి, అవి తీసేసి వాడుకో.

దీనివల్ల ఉద్యోగం ఎలా వస్తుందని నాన్నగారు అడుగుతారు. హైదరాబాద్‌లో జెన్‌ప్యాక్ట్ లాంటి సంస్థల్లో విదేశీ కంపెనీల కొనుగోళ్లు, చెల్లింపులు చూసే బృందాలు ఉంటాయి. ఆ పనిని ప్రొక్యూర్ టు పే అంటారు, అంటే ఆర్డరు దగ్గర్నుంచి చెల్లింపు దాకా. ఆ ఇంటర్వ్యూల్లో పదే పదే వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. ఆర్డరు, వచ్చిన సరుకు, బిల్లు మూడూ సరిపోలకపోతే ఏం చేస్తావు? త్రీ వే మ్యాచ్ అంటారు దాన్ని. పుస్తకం చదివినవాళ్లు నిర్వచనం చెబుతారు. నువ్వు మాత్రం ఒకరోజు 210 బస్తాలకు బిల్లు వచ్చి 207 దిగినప్పుడు ఎవరిని అడిగావో, ఏ కాగితం చూశావో చెబుతావు. మొదటి జీతం అక్క ప్యాకేజీ అంత ఉండదు, అది ముందే అనుకో. ఎమ్‌ఐఎస్ ఎగ్జిక్యూటివ్ (కంపెనీ లెక్కల రిపోర్టులు తయారుచేసే పని), అకౌంట్స్ అసోసియేట్ లాంటి పేర్లతో మొదలవుతుంది. అక్కడ శాప్ స్క్రీన్ మీద పని చేసే అవకాశం వస్తే, జీతం తీసుకుంటూ నేర్చుకున్నట్టు.

డిగ్రీ అయ్యాక నేరుగా ఉద్యోగం దొరక్కపోయినా మధ్యలో మెట్లు ఉన్నాయి. నాట్స్ అనే కేంద్ర అప్రెంటిస్ పథకంలో బీకాం వాళ్లు కూడా నమోదు చేసుకోవచ్చు. 2019లో సవరించిన నిబంధనల్లో డిగ్రీవాళ్లకు నెలకు కనీసం 9,000 స్టయిపెండ్ పెట్టారు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్ని ఏడాది పాటు పెద్ద కంపెనీల్లో, నెలకు 5,000తో మొదలుపెట్టారు. మొదలైనప్పుడు 21 నుంచి 24 ఏళ్లవాళ్లకు, రెగ్యులర్‌గా చదువుతూ ఉండనివాళ్లకు, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటనివాళ్లకు అన్నారు. నీకు డిగ్రీ అయ్యేసరికి నిబంధనలు ఎలా ఉన్నాయో పోర్టల్‌లో చూసుకుని అప్లై చేయి.

బ్రిటన్ సంగతి ఇప్పుడు తలకెత్తుకోకు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా ఇన్నాళ్లూ రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకు, పీహెచ్‌డీ వాళ్లకు తప్ప, 18 నెలలే. ఆ తర్వాత ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం చూపించాలి. కొత్తగా చదువు ముగించినవాళ్లకు కొంత సడలింపు ఉంది. మీ అన్నయ్య గోదాములో ఉన్నాడంటే చేతగాక కాదు, టైం చాలక కావచ్చు. అతనితో ఒకసారి తీరిగ్గా ఫోన్‌లో మాట్లాడు. వెళ్లేముందు రెండేళ్లు ఇక్కడ పని చేసి ఉంటే ఏమైనా తేడా ఉండేదా అని అడుగు. అతను చెప్పేది నా మాట కంటే నాన్నగారికి బాగా ఎక్కుతుంది.

నాన్నగారితో వాదించవద్దు. గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డారంటే నీ మీద ఎంత ప్రేమో నాకు తెలుస్తోంది, నీకూ తెలుసు. లక్షా పది వేల లెక్క కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టు. కోర్సు 45,000, హాస్టల్ ఐదు నెలలకు 35,000, మిగతా ఖర్చులు 30,000. పక్కనే ఇంకో లెక్క వేయి. ఈ సెమిస్టర్ మిల్లులో, సాయంత్రాలు శాప్ ఉచిత పాఠాలు, ఖర్చు ఏమీ లేదు. డిగ్రీ చేతికొచ్చాక ఆరు నెలలు చూసి, అప్పటికీ కోర్సు అవసరమనిపిస్తే అప్పుడు వెళ్తాను అని చెప్పు. కోర్సు వద్దనడం లేదు కదా, వాయిదా వేస్తున్నావు. ఆయన ఒప్పుకోక ఇప్పుడే వెళ్లమంటే, అదీ ప్రాణం మీదకొచ్చే విషయం కాదు. గ్యారంటీ మాట నమ్మకుండా, లెటర్ తీసుకోకుండా, గాజులు కాకుండా వేరే డబ్బుతో వీలవుతుందేమో చూసి వెళ్లు. అప్పుడు మిల్లులో నేర్చుకోవాల్సింది నీ మొదటి ఉద్యోగంలో నేర్చుకుంటావు, కొంచెం ఆలస్యంగా. అమ్మతో కూడా ఒకసారి మాట్లాడు. ఆ రాత్రి నువ్వు చూశావని ఆమెకు తెలిసినట్టు లేదు.

ఇంకా మూడు వారాలు ఉన్నాయి కదా. ఏదీ ఖాయం చేసే ముందు ఒక్కరోజు మావయ్యతో కలిసి మిల్లుకు వెళ్లి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని రా. కాటా దగ్గర నిలబడి చీటీ ముందు వైపే కాదు, వెనక వైపు కూడా చూడు. ఏం రాసి ఉందో నాకు మళ్లీ ఉత్తరం రాయి.